దూలమెక్కిన కెమెరా

సదరు కర్మాగారంలో చుక్క తప్పుచోట పడటమనే దురాచారం సమూలంగా నిర్మూలించబడిందని ప్రకటించడానికి యాజమాన్యం మిక్కిలి సంతోషించింది. ఈ సంతోషాన్ని గేటు దగ్గర బోర్డు మీద రాయించారు, లిఫ్టులో అద్దం పక్కన అంటించారు, కాంటీనులో చేతులు కడుక్కునే చోట కూడా వేలాడదీశారు. సంతోషించనివాళ్లు ఎవరైనా ఉంటే తమ పై అధికారి ద్వారా తెలియజేసుకోవచ్చునని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఎవరూ తెలియజేసుకోలేదు. కాబట్టి అందరూ సంతోషించినట్టే లెక్క.

ఏమిటీ చుక్క అని మీరు అడిగే ముందే చెప్పాలి. ఆ కర్మాగారంలో గుండె పట్టీలు తయారవుతాయి. మణికట్టుకు అంటించుకునే పల్చటి ప్లాస్టిక్ పట్టీ అది. గుండె లయ తప్పితే ఎర్ర దీపం వెలిగించి కూత పెట్టడం దాని పని. దానిలో తీగలు ఉండవు. ఇంట్లో ప్రింటరు కాగితం మీద సిరా చల్లినట్టే, అక్కడి యంత్రం వెండి కలిపిన సిరాను కంటికి ఆనని చుక్కలుగా పట్టీ మీద రాలుస్తుంది. చుక్క పక్కన చుక్క పడితే గీత. గీతలన్నీ కలిస్తే కరెంటు నడిచే దారి. ఒక్క చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ దారి తెగుతుంది. దారి తెగిన పట్టీకి గుండె ఏమంటోందో వినబడదు.

వినబడని పట్టీ ఏ దీపం వెలిగించాలన్నది మొదట్లోనే చర్చకు వచ్చింది. ఫిర్యాదు అందనంతవరకూ సమస్య లేనట్టే అన్నది ఆ సంస్థలో వేళ్లూనుకున్న పరిపాలనా సూత్రం. దాన్ని అనుసరించి, గుండె నుంచి ఏ కబురూ అందనప్పుడు పచ్చ దీపం వెలిగేలా ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటు పుణ్యమా అని చెడిపోయిన పట్టీలు మంచి పట్టీల కన్నా ఎక్కువ ధైర్యం చెప్పేవి.

ఈ చుక్కల బాధ్యతంతా ఒకాయన భుజాల మీద ఉండేది. ఆయన హోదా చుక్కల గురి విభాగం ప్రధానాధికారి. అంత పొడుగు పేరుకు నోరు తిరగక అందరూ గురిగారు అనేవారు. ఇంట్లో భార్య కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలిచేది. మనిషి చెడ్డవాడు కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వేళకు వచ్చి, వేళకు వెళ్లి, మధ్యలో ఎవరి మనసూ నొప్పించకుండా సంతకాలు చేసేవాడు. జరగబోయే వాటిలో చెడ్డవాళ్ల ప్రమేయం ఏమీ లేదు కనుక ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఆయన ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తలో చుక్కలు నిజంగానే తప్పేవి. ఆ గుట్టు రట్టు చేసింది ఒక కెమెరా. యంత్రానికి ఎడంగా, నేలలోకి దిగేసిన రాతి దిమ్మె మీద అది కూర్చునేది. దానికి ఎవరితోనూ చుట్టరికం లేదు. చుక్క ఎక్కడ పడాలో, ఎక్కడ పడిందో చూసి తేడాను ఉన్నదున్నట్టు తెర మీద చూపించేది. కొలువు చేసే పద్ధతి బొత్తిగా తెలియని వస్తువు. కర్మాగారంలో దాన్ని చాడీలకోరు అనేవారు.

తేడా ఎందుకొస్తోందో కనుక్కోవడానికి ఒక సంఘాన్ని వేశారు. సంఘం నిజాయితీగా పనిచేసింది. అది చేసిన పొరపాటు అదొక్కటే. సిరా చిమ్మే నాజిల్ రంధ్రాల్లో సిరా ఎండి గట్టిపడుతోందని, రోజూ యంత్రం ఆపి తుడవాలని మొదట తేల్చింది. యంత్రం ఆపితే ఉత్పత్తి తగ్గుతుంది, ఉత్పత్తి తగ్గితే పై వాళ్ల మొహాలు మాడతాయి, కనుక తుడవడాన్ని సెలవు రోజుకు వాయిదా వేశారు. సెలవు రోజున తుడిచేవాళ్లకు కూడా సెలవే. పెద్ద చుక్క వెనకే పిల్ల చుక్కలు విడివడి ఎక్కడపడితే అక్కడ పడుతున్నాయని ఆ తరవాత తేల్చింది. పిల్ల చుక్కలను తప్పుగా చూడరాదని, అదనపు సేవగా పరిగణించాలని ఒక ఉత్తర్వు వెలువడింది.

ఇంకా వెతికితే, డైరెక్టరుగారి గదిలో చల్లగాలి మిషను గాలి వదిలే తోక గోడకు ఇవతల, సరిగ్గా యంత్రం నెత్తిన తేలింది. ఆ గాలికి చుక్కలు దారిలోనే పక్కకు కొట్టుకుపోతున్నాయి. మిషను ఆపడం కుదరదు. డైరెక్టరుగారికి చెమట పడితే ఆలోచనలు రావు, ఆలోచనలు రాకపోతే సంస్థ ముందుకు నడవదు. అందుచేత ఆ గాలిని ప్రకృతి వైపరీత్యాల పద్దులో చేర్చారు.

అన్నిటికన్నా ముచ్చటైనది చివరి కారణం. కర్మాగారపు కచ్చితత్వాన్ని కళ్లారా చూడటానికి పెద్ద పెద్ద వాళ్లు బృందాలుగా వచ్చేవారు. చెక్క మెట్ల మీద వాళ్లు ఎక్కి దిగుతుంటే నేల అదిరేది. నేల అదిరితే యంత్రం మీద అడ్డంగా నడిచే ఇనుప దూలం ఊగేది, దూలానికి వేలాడే నాజిల్ ఊగేది, చుక్క తప్పేది. కచ్చితత్వాన్ని చూడటానికి ఎంతమంది వస్తే కచ్చితత్వం అంత తగ్గేదన్నమాట. సందర్శకులను మానిపించడం మర్యాద కాదు కాబట్టి మెల్లగా చప్పట్లు కొట్టమని మాత్రం వేడుకున్నారు.

ఇలా ఏ దారీ లేక అందరూ తలలు పట్టుకున్న సమావేశంలో గురిగారు లేచి నిలబడ్డాడు. ఆ రోజు ఆయన చెప్పిన మాటలు తరవాత పాలరాతి మీద చెక్కించారు. దూరంగా కూర్చుని తప్పులెంచడం ఎవరికైనా సులువేనని, పనిచేసేవాళ్ల పక్కన కూర్చుంటే కదా వాళ్ల కష్టం తెలిసేదని ఆయన అన్నాడు. కెమెరాను ఆ రాతి దిమ్మె మీద ఒంటరిగా వదిలేయడం దానికీ అన్యాయమేనని, దాన్ని తీసుకొచ్చి దూలం మీద నాజిల్ పక్కనే కూర్చోబెట్టాలని ప్రతిపాదించాడు. డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి.

కెమెరాను ఊడదీసి దూలానికి బిగించారు. ఇక చూడండి. దూలం కుడికి ఊగితే నాజిల్ కుడికి పోయేది, చుక్క కుడికి పడేది. కెమెరా కూడా దూలంతోపాటు కుడికే పోయి చూసేది కనుక చుక్క సరిగ్గా దాని కళ్లెదుటే ఉండేది. ఎడమకు ఊగినా అంతే. దూలం ఎంత ఊగితే కెమెరా అంత ఊగేది. ఊగుతున్నవాడి పక్కన కూర్చుని ఊగేవాడికి లోకమంతా నిలకడగానే కనిపిస్తుంది. మొదటి రోజే తెర మీద తేడా సున్నా అని వచ్చింది. అది చూసి జనం ఒకరినొకరు కౌగిలించుకున్నారు. సంఘాన్ని రద్దు చేశారు. ఖాళీ అయిన రాతి దిమ్మె మీద పూలకుండీ పెట్టి డైరెక్టరుగారి చేత ఆవిష్కరింపజేశారు. గురిగారికి శాలువా, పదోన్నతి, కిటికీ ఉన్న గది వచ్చాయి.

ఇంత చదువుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా అని మీకు అనుమానం రావచ్చు. తెలుసు. ప్రతిపాదించిన రోజే తెలుసు. కాని తెలిసినదాన్ని ఎవరూ అడగని చోట దాచుకుని, అడిగేచోట నివేదిక చూపించడం కూడా ఒక విద్యే. ఆ విద్యలో ఆయనది అందెవేసిన చెయ్యి. పైగా శాలువా చాలా బాగుంది.

అంతా సవ్యంగా సాగుతుండగా గురిగారి అత్తగారి గుండె లయ తప్పింది.

ఆమె కూతురి దగ్గరే ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో జన్మంతా పనిచేసి రిటైరైన మనిషి. అవతలివాడు గొంతు సవరించుకునే తీరును బట్టే అబద్ధం చెప్పబోతున్నాడని పసిగట్టేది. అందువల్ల గురిగారు ఆమె ముందు గొంతు సవరించుకునేవాడు కాదు. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె మధ్య మధ్యలో తడబడుతోందని, తడబడిన వెంటనే ఆస్పత్రికి తీసుకొస్తే ప్రాణానికి ఢోకా లేదని, ఆలస్యమైతే మాత్రం తమ చేతుల్లో ఏమీ ఉండదని చెప్పారు. తడబడినప్పుడు కూత పెట్టే సాధనం ఏదో ఒకటి ఎప్పుడూ ఒంటి మీద ఉండాలన్నారు.

అలాంటి సాధనం బజార్లో పాతకాలం నుంచీ ఒకటి ఉంది. సబ్బుపెట్టెంత ఉంటుంది. రెండు తీగలు ఛాతీకి అంటించుకుని పెట్టెను జేబులో వేసుకోవాలి. చూడటానికి వికారం, మోగితే చెవులు చిల్లులు. గురిగారి సంస్థ తన ప్రకటనల్లో దాన్ని వెక్కిరించని రోజు లేదు. అత్తగారు ఆ పెట్టెను ముట్టుకోనంది. అల్లుడి చేతి కింద తయారయ్యే పట్టీ ఉండగా ఎవడిదో పెట్టె తనకెందుకని వాటాల్లో వాళ్లందరికీ చెప్పుకుంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా డైరెక్టరుగారి చెవిన పడింది. కొత్త పట్టీ విడుదల సభలో బయటివాళ్లకిచ్చే మొట్టమొదటి పట్టీని ఆమె చేతికే అంటించాలని, ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం మరొకటి ఉండదని ఆయన నిశ్చయించేశారు. గురిగారు కృతజ్ఞతతో వంగి నమస్కారం పెట్టాడు. పైకి లేచేసరికి నడుం పట్టేసింది.

ఆ సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ అడిగింది.

"అమ్మకి పెట్టేది మీ దగ్గర చేసిందేగా. పనిచేస్తుందా అది?"

"నివేదికలో అంతా స్పష్టంగా ఉంది. తేడా సున్నా."

"నివేదికనేం చేసుకోను? మిమ్మల్నే అడుగుతున్నా. మీరు ఊఁ అంటే మారుమాట లేకుండా పెట్టిస్తాను."

గురిగారు ఊఁ అన్నాడు. కాకపోతే అనే ముందు గొంతు సవరించుకున్నాడు. పక్క గదిలో అత్తగారు దగ్గింది. ఆయనకు భయం వేసింది. ఆమె అంటే ఆయనకు నిజంగానే ఇష్టం. పెళ్లైన కొత్తలో ఉద్యోగం లేక ఆయన ఇంట్లో కూర్చున్నప్పుడు, చుట్టాలెవరైనా వస్తే అల్లుడు పై చదువులకు సిద్ధమవుతున్నాడని చెప్పి ఆయన పరువు కాపాడింది ఆవిడే. ఆమెకేమైనా అయితే ఆ ఊఁ తన గొంతుకు అడ్డం పడి కూర్చుంటుందని ఆయనకు తెలుసు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఆయన మందుల దుకాణంలోకి దూరాడు. ఎవరో స్నేహితుడికి కావాలంటూ సబ్బుపెట్టె సాధనం అడిగాడు. దుకాణదారు ఏ స్నేహితుడని అడగలేదు. అలవాటైన చేత్తో దాన్ని ఏ పేరూ కనబడని కాగితంలో చుట్టి ఇచ్చి, వెనకవైపు తలుపు గుండా వెళ్లొచ్చని కూడా చెప్పాడు. గురిగారు వెనకవైపు నుంచే వెళ్లాడు.

సభ రోజు పొద్దున భార్య స్నానానికి వెళ్లిన అదను చూసి, ఆ పెట్టెను అత్తగారి ముందు పెట్టాడు. పట్టీ చేతికి ఉండగా ఇది కూడా లోపల ఉంచుకోవాలని, పోల్చి చూడటానికని, ఎవరికీ చెప్పవద్దని బతిమాలుకున్నాడు. ఆమె పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోల్చి చూడటానికా, నన్ను కాపాడటానికా?"

"రెంటికీ అత్తయ్యగారూ."

"అయితే ఆ పట్టీ దేనికి?"

గురిగారు వంగి పెట్టె తీగల చిక్కు విప్పాడు. ఆమె రెట్టించలేదు. కూతురి కాపురం ఆమెకు ముఖ్యం. తీగలు తగిలించుకుని పెట్టెను చీర మీద తొడుక్కున్న కోటు లోపలి జేబులో వేసుకుంది. మోత బయటకు రాకుండా ఆయన దానికి చేతిరుమాలు చుట్టాడు. అయితే ఆ పెట్టెను చేసినవాడు మొండివాడు. మొదట సన్నగా మోగుతుంది, పట్టించుకోకపోతే గొంతు పెంచుకుంటూ పోతుంది. నోరు నొక్కే మీట దానికి లేదు.

సభ బ్రహ్మాండంగా మొదలైంది. ముందు వరుసలో సంస్థ అధికారులు కొలువుతీరారు. అందరూ గుండె గురించి బెంగపడే వయసులో ఉన్నవాళ్లే. అధికారులంతా పట్టీ ధరించి రావాలని, అది నలుగురికీ కనబడేలా చొక్కా చేతులు మడిచి కూర్చోవాలని ముందే సర్క్యులర్ వెళ్లింది. వరసగా మడిచిన చేతులు, వరసగా పచ్చ దీపాలు. ఆరోగ్యం ఒక వరుసలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ రోజు సభకు వచ్చినవాళ్లు చూశారు.

సంస్థ డాక్టరుగారు అత్తగారి మణికట్టుకు పట్టీ అంటించారు. పచ్చ దీపం వెలిగింది. వేదిక వెనక పెద్ద తెర మీద కూడా పచ్చటి గుండె బొమ్మ ప్రత్యక్షమైంది. డైరెక్టరుగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, చుక్క ఎందుకు తప్పుతోందని లోకంలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. మనం కొట్టుకోలేదు. తప్పు పట్టేవాడు దూరంగా ఉన్నంతకాలమే తప్పులుంటాయని కనిపెట్టింది మనం. చేసేవాణ్ణీ చూసేవాణ్ణీ ఒకే దూలం మీద కూర్చోబెట్టింది మనం. కుటుంబమంటే అదే కదా. ఈ అమ్మగారు గురిగారికి మాత్రమే అత్తగారు కాదు, మనందరికీ తల్లి. ఆ తల్లి గుండెను ఇవాళ మన గురికి అప్పగిస్తున్నాం."

చప్పట్లు మోగాయి. ఆయన ఇంకా మాట్లాడారు. చిన్నప్పుడు తాను గోళీలాటలో ఎంత గురిగా కొట్టేవారో చెప్పారు. దేశాల భవిష్యత్తు గురించి, యువత గురించి, మళ్లీ గోళీల గురించి చెప్పారు. వేదిక మీద దీపాల వేడి ఎక్కువగా ఉంది. అత్తగారి నుదుటి మీద చెమట పోసింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. గురిగారు పక్క కుర్చీలోంచి అది చూశాడు. ఆమె పెదవులు తెల్లబడటం కూడా చూశాడు. రుమాలు చుట్టిన చోట ఏదో సన్నగా మోగుతున్నట్టు అనిపించింది. ఆ వెంటనే తెర వంక చూశాడు. గుండె పచ్చగా ఉంది.

ఆమె అల్లుడి వైపు తిరిగింది. మైకు దగ్గరలోనే ఉండటం వల్ల ఆ మాటలు హాలంతా వినిపించాయి.

"అల్లుడుగారూ, నాకు చెమటలు పడుతున్నాయి. కళ్లు తిరుగుతున్నాయి. మీ పట్టీయేమో నేను బాగానే ఉన్నానంటోంది. మా ఇద్దర్లో ఎవరి మాట నమ్ముతారు?"

డైరెక్టరుగారు గురిగారి వంక చూశారు. డాక్టరుగారు తెర వంక చూసి, అమ్మగారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారని, ఆనందం పట్టలేక కాస్త తూలుతున్నారని ప్రకటించారు. భార్య కింద బంధువుల వరుసలోంచి లేచి నిలబడింది. గురిగారు నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. కర్మాగారంలో తాను నేర్చుకున్న వాటిలో ఆ మాట లేదు. ఆయన నోటికి అలవాటైనదే వచ్చింది.

"తెర ప్రకారం అయితే, అత్తయ్యగారూ..."

అప్పుడు పెట్టె గొంతెత్తింది. రుమాలునీ కోటునీ లెక్కచేయకుండా, ప్రకటనల్లో వెక్కిరించిన ఆ వికారపు గొంతుతోనే హాలంతా దద్దరిల్లేలా కేకపెట్టింది.

మోగింది ఒక్కటే పెట్టె. కాని ముందు వరుసలో ఉన్నవాళ్లందరి చేతులూ ఒక్కసారిగా జేబుల్లోకి వెళ్లాయి. చొక్కా జేబులు, ప్యాంటు జేబులు, కోటు లోపలి జేబులు. మణికట్టు వంక ఒక్కరు కూడా చూడలేదు. డైరెక్టరుగారు మైకును చంకలో ఇరికించుకుని గుండె దగ్గర తడుముకున్నారు. డాక్టరుగారైతే తన పెట్టెను బయటికే తీసి, చెవి దగ్గర పెట్టుకుని, మోగుతున్నది తనది కాదని రూఢి చేసుకుని మళ్లీ లోపల పెట్టుకున్నారు. తమది కాదని తెలిశాక వరుస మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. మడిచిన చేతుల మీద పచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

భార్య వేదిక ఎక్కింది. తల్లి చేతి పట్టీని ఒక్క లాగు లాగి కింద పడేసింది. కుర్చీతో సహా ఎత్తమని అక్కడి సౌండు మనుషులకు చెప్పింది. మధ్యలో అడ్డంగా నిలబడ్డ భర్తతో ఆమె అన్నది ఒక్కటే.

"తప్పుకోండి."

ఆయన తప్పుకున్నాడు. తరవాత వాళ్ల వెనకే పోబోయాడు కూడా. డైరెక్టరుగారు ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసి, వందన సమర్పణ ఆయనదే కదా, సభను మధ్యలో వదిలేస్తే అమ్మగారికే అవమానం కదా అని చెవిలో చెప్పారు. అటు తలుపు, ఇటు మైకు. గురిగారు మైకు దగ్గరికి నడిచాడు. వేదిక అలంకరించినవాళ్లకు, దీపాలు పెట్టినవాళ్లకు, టీ అందించినవాళ్లకు, ఓపికగా కూర్చున్న ముఖ్య అతిథులకు పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాడు. గొంతు ఎక్కడా వణకలేదని మరునాడు అందరూ మెచ్చుకున్నారు. కింద పడిన పట్టీ వేదిక మీద పరిచిన చాపకు అంటుకుని ఇంకా పచ్చగా వెలుగుతోంది. చాప కూడా సంపూర్ణ ఆరోగ్యంతో ఉందన్నమాట.

అత్తగారు బతికింది. పెట్టె సమయానికి అరిచిందని, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆస్పత్రిలో అన్నారు. సభ ముగిశాక గురిగారు పళ్లు తీసుకుని పరుగెత్తుకుంటూ వెళ్లాడు. మంచం పక్కన నిలబడి, ఎలా ఉంది అత్తయ్యగారూ అని అడిగాడు.

"తెర చూడలేదా నాయనా?" అని ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆయనకు సిగ్గేసింది. వేళాకోళం కాదు, ఆ మనిషికి నిజంగానే తలెత్తుకోలేనంత సిగ్గేసింది. భార్య ఆయన తెచ్చిన పళ్లు పక్క మంచం వాళ్లకు ఇచ్చేసింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టుకోలేదు.

ఆ సిగ్గుతోనే మరునాడు పొద్దున్నే స్పానరు పట్టుకుని యంత్రం గదిలోకి వెళ్లాడు. కెమెరాను దూలం మీంచి ఊడదీసి మళ్లీ రాతి దిమ్మె మీద పెట్టేయాలని నిశ్చయించుకున్నాడు. దిమ్మె మీద డైరెక్టరుగారు ఆవిష్కరించిన పూలకుండీ ఉంది. దాన్ని ఎక్కడికి జరపాలో, జరపడానికి ఎవరి అనుమతి కావాలో ఆలోచిస్తూ దూలం దగ్గర స్పానరుతో నిలబడి ఉండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సందర్శకుల బృందం. నేల అదిరింది, దూలం ఊగింది, తెర మీద తేడా సున్నా అని వచ్చింది. బృందాన్ని వెంటబెట్టుకొచ్చిన ఉద్యోగి ఆయన్ని చూపించి, చుక్క తప్పకుండా కాపలా కాసే మహానుభావుడు వీరేనని, ఇప్పుడు కూడా స్వహస్తాలతో కెమెరాను సరిచూసుకుంటున్నారని పరిచయం చేశాడు. బృందం మెల్లగా చప్పట్లు కొట్టింది. అందరి కళ్లూ తన మీదే ఉండగా గురిగారు స్పానరు ఎత్తాడు. కెమెరా మరలను ఇంకొంచెం బిగించి వెనక్కి వచ్చాడు.

జరిగిన దాని మీద వేసిన విచారణ సంఘాన్ని నడిపే బాధ్యత, విషయం తెలిసినవాడని ఆయనకే అప్పగించారు. పట్టీలోని చుక్కలను దూలం మీది కెమెరాతోనే మళ్లీ పరీక్షించగా అన్నీ తమ తమ స్థానాల్లోనే ఉన్నట్టు రుజువైంది. సంఘటన సమయంలో పట్టీ ఆద్యంతం ప్రశాంతంగా ప్రవర్తించిందని, సదరు గుండె మాత్రం పచ్చ దీపాన్ని ఖాతరు చేయకుండా స్వతంత్రించి వ్యవహరించిందని, అనధికార పెట్టె ఒకటి సభామర్యాదకు భంగం కలిగించిందని విచారణ తేల్చింది. ఇకపై సభలకు శబ్దం చేసే వస్తువులు తేరాదని, తప్పనిసరైతే మోగకుండా జేబులోనే వణికే రకం తెచ్చుకోవచ్చునని సిఫారసు చేసింది. అంతవరకూ మందకొడిగా నడిచిన విచారణలో ఈ ఒక్క సిఫారసు దగ్గర సభ్యులందరూ ఉత్సాహంగా చేతులెత్తారు. వణికే రకం మందుల దుకాణంలో వారం తిరక్కుండా అయిపోయింది.

మీరు అనుకుంటున్నట్టు పట్టీ అమ్మకాలు పడిపోలేదు. సభ ముచ్చట ఊరంతా పాకింది. పక్కన మనిషి పడిపోతున్నా చలించని పట్టీ అని జనం చెప్పుకున్నారు. అంత నిబ్బరం లోకంలో దొరకడం కష్టమని గ్రహించి ఎగబడి కొన్నారు. యజమానులు పనివాళ్లకు కొనిపెట్టారు. కొడుకులు తల్లులకు కొనిపెట్టి నిశ్చింతగా నిద్రపోయారు. బడులకూ ఆఫీసులకూ అలాంటి పట్టీలే కావాలని, గుండెలకే కాదు, మిగతావాటికి కూడా పచ్చ దీపాలు చేసిపెట్టమని వినతులు వచ్చాయి. గురిగారికి మరో శాలువా వచ్చింది. అత్తగారు ఇప్పుడు ఇంట్లో కూడా ఆయన్ని మీరు మీరు అని ఎంతో మర్యాదగా పిలుస్తోంది. భార్య ఆయన్ని ఏమీ పిలవడం లేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో మర్యాదస్తులకు అది ఒక పద్ధతిగా స్థిరపడింది. నలుగురికీ చూపించడానికి మణికట్టు మీద పట్టీ, తమ ప్రాణం కోసం జేబులో పెట్టె. పట్టీ గురించి పెళ్లిళ్లలో, పార్టీల్లో గొప్పగా మాట్లాడుకుంటారు. పెట్టె ప్రస్తావన ఎవరూ తేరు. అవతలివాడి దగ్గరా ఒకటుందని అందరికీ తెలుసు.

ఎంత మూర్ఖులని మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పేం లేదు. కాకపోతే ముందు ఆ చెయ్యి జేబులోంచి బయటికి తీసి నవ్వండి.